చస్తే సొమ్ము సరే, బతికేందుకు స్కాన్ ఏది?

18 నుంచి 59 ఏళ్ల లోపు రైతు చనిపోతే, 2018లో మొదలైన రైతుబీమా కింద కుటుంబానికి 5 లక్షల రూపాయలు అందుతున్నాయి. అదే రైతు క్యాన్సర్ చికిత్స ముగించుకుని, జబ్బు తిరగబెట్టిందేమో చూపించుకోవడానికి బేగంపేటలోని ఆస్పత్రికి వస్తే, సొంతంగా ప్రీమియం కట్టిన ఆరోగ్యబీమా తరచూ మొండిచెయ్యి చూపుతోంది. ఆస్పత్రిలో చేరలేదు, ఇది పరీక్ష మాత్రమే అన్నది కంపెనీలు చెప్పే సాకు. వేల రూపాయలు లేక స్కాన్ వాయిదా వేస్తే ప్రాణం మీదికే వస్తుంది.

కాదన్నారని ఊరుకోవద్దు. ఏ నిబంధన కింద తిరస్కరించారో రాతపూర్వకంగా అడగాలి. ఈ స్కాన్ చికిత్సలో భాగమేనని డాక్టరుతో రాయించుకోవాలి. డిశ్చార్జి తర్వాత ఎన్ని రోజుల ఖర్చులు ఇస్తారో పాలసీలో చూసుకోవాలి. ముందుగా కంపెనీకే ఫిర్యాదు రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు న్యాయంగా లేకున్నా, ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలుతో పని లేదు.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. చికిత్స తర్వాతి స్కాన్లను కూడా చికిత్సగానే లెక్కించేలా కంపెనీలను ఆదేశించాలని ఆ సంస్థను డిమాండ్ చేస్తున్నాం.