కన్నీళ్ళు చూశాం, జవాబు వినలేదు

సినిమా అయిపోయాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. "ఆ వయసులో అంతమాత్రం ఒప్పుకోవడం గొప్ప సంగతే" అన్నారు పెద్దవాళ్ళు. "ఒప్పుకున్నదెక్కడ? తనను తాను సమర్థించుకున్నాడు, అంతే" అన్నాడు ఒక తమ్ముడు. వెనక కూర్చున్న చెల్లి ఒకటే అడిగింది: "ఇంతకీ ఇందులో వియత్నాంవాళ్ళు ఏరి?"

మేము చూసిన డాక్యుమెంటరీ పేరు 'ద ఫాగ్ ఆఫ్ వార్', అంటే యుద్ధపు పొగమంచు. ఎరోల్ మోరిస్ 2003లో తీశాడు. మరుసటి ఏడాది ఆస్కార్ వచ్చింది. ఇందులో మాట్లాడేది ఒకే ఒక్క మనిషి, రాబర్ట్ మెక్‌నమారా. 1961 నుండి 1968 వరకు అమెరికా రక్షణ మంత్రి. వియత్నాం యుద్ధం పెద్దదైంది ఆయన చేతుల మీదుగానే. సినిమా కోసం కెమెరా ముందు కూర్చునేటప్పటికి ఆయనకు 85 ఏళ్ళు. మన పెద్దవాళ్ళ కోసం మధ్యమధ్యలో ఆపి తెలుగులో చెప్పుకుంటూ చూశాం.

ఈ సినిమా వచ్చినప్పటి నుండి ప్రపంచమంతటా ప్రేక్షకులు రెండుగా చీలి వాదిస్తూనే ఉన్నారు. మా గదిలో జరిగిందీ అదే. రెండు పక్షాల మాటలోనూ నిజం ఉంది.

ముందు మొదటి పక్షం. అధికారంలో ఉన్నవాళ్ళు తప్పు చేశామనడం మనం ఎన్నిసార్లు విన్నాం? మెక్‌నమారా కొంతైనా అన్నాడు. 1945 మార్చి 9 రాత్రి టోక్యో మీద అమెరికా విమానాలు నిప్పు కురిపించాయి. ఒక్క రాత్రిలో దాదాపు లక్షమంది సామాన్య ప్రజలు కాలిపోయారు. ఆ వైమానిక దళానికి లెక్కలు కట్టిన అధికారుల్లో ఆయన ఒకడు. యుద్ధంలో మనం ఓడిపోయి ఉంటే మనల్ని యుద్ధ నేరస్థులుగా విచారించేవారని తన పై అధికారి లెమే అన్నాడని చెప్తూ, అది నిజమే అంటాడు. గెలిస్తే న్యాయం, ఓడితే నేరం ఎలా అవుతుందని తనే అడుగుతాడు. ఇలా అడగడానికి ధైర్యం కావాలి.

ఇక రెండో పక్షం. 1964 ఆగస్టు 4న టోంకిన్ సింధుశాఖలో తమ ఓడల మీద దాడి జరిగిందని చెప్పి అమెరికా యుద్ధానికి అనుమతి తెచ్చుకుంది. ఆ రోజు దాడే జరగలేదని సినిమాలో ఆయనే ఒప్పుకుంటాడు. కానీ పొరపాటు పడ్డాం అన్నట్టుగానే చెప్తాడు. అడవులను మాడ్చిన ఏజెంట్ ఆరెంజ్ గురించి అడిగితే, అప్పటి చట్టంలో అది నిషేధమా కాదా అన్న వైపు మాట తిప్పుతాడు. ఆయన గొంతు పూడుకుపోయే ఒక చోటు మాకు బాగా గుర్తుంది. హత్యకు గురైన అధ్యక్షుడు కెనెడీకి సమాధి స్థలం చూసిన రోజును చెప్పేటప్పుడు. ఆ దుఃఖం నిజమైనదే. కానీ ముప్పై లక్షలకు పైగా వియత్నాం ప్రజలు చనిపోయారని తన నోటితోనే చెప్పినప్పుడు అది అంకెగానే వినబడింది.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది నార్మన్ మారిసన్ సంగతి. ఆయన క్వేకర్ క్రైస్తవుడు. 1965 నవంబరు 2న పెంటగాన్‌లో మెక్‌నమారా కిటికీ కింద, యుద్ధానికి నిరసనగా తనకు తాను నిప్పంటించుకున్నాడు. ఆ మార్గాన్ని మేము సమర్థించం. ప్రాణం దేవునిది. అయితే మనుషులు మనుషులను చంపడం ఆగాలన్న మారిసన్ భార్య మాటే తన నమ్మకం కూడా అని మెక్‌నమారా సినిమాలో అంటాడు. నమ్మకం అది, బాంబులు మాత్రం ఆగలేదు.

బాంబులు ఆపమని 1967 నవంబరులో ఆయన అధ్యక్షుడు జాన్సన్‌కు రహస్యంగా రాశాడు. అంటే అప్పటికే తెలుసు. 1968లో పదవి దిగి ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడయ్యాడు. ఆ తర్వాత యుద్ధం ఇంకో ఏడేళ్ళు నడిచింది. అమెరికా సైనికుల్లోనే అప్పటిదాకా చనిపోయినవారికంటే తర్వాత చనిపోయినవారు ఎక్కువ. ఆయన నోరు విప్పి పుస్తకం రాసింది 1995లో. పదవి దిగాక ఎందుకు మాట్లాడలేదని సినిమా చివర మోరిస్ అడుగుతాడు. ఆయన జవాబు చెప్పడు. చెప్పినా తప్పే, చెప్పకపోయినా తప్పే అని తప్పుకుంటాడు.

మా అభిప్రాయం ఇక్కడ మొదలవుతుంది. ఈ సినిమా చూస్తూ మేము ఆయనలో దావీదును వెతికాం. ఊరియాను యుద్ధంలో చంపించిన రాజు, నాతాను వేలెత్తి చూపగానే సాకు చెప్పకుండా ఒప్పుకున్నాడు. కానీ మాకు కనబడింది యోవాబు. రాజు ఉత్తరం చదివాడు, సంగతి తెలిసింది, చెప్పినట్టు చేశాడు, ఊరియా చనిపోయాడని వార్త పంపాడు. కాదని ఒక్క మాట అనలేదు. మెక్‌నమారా ఒక్కసారి రహస్యంగా అన్నాడు, ఆ తర్వాత బయట ఏమీ అనలేదు.

మారుమనస్సు అంటే జరిగినదానికి బాధపడటం మాత్రమే కాదు. జక్కయ్య బాధపడి ఊరుకోలేదు, తాను అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. అన్యాయం పొందినవారి ముఖం చూడకుండా, వారికి ఏమీ తిరిగి ఇవ్వకుండా, కెమెరాకు చెప్పుకున్నది ఒప్పుకోలు అనిపించుకోదు. చెల్లి అడిగిన ప్రశ్న అందుకే సరైనది.

యువతీ యువకులారా, ఆయనను తీర్పు తీర్చి లేచి వెళ్ళిపోవడం తేలిక. కానీ మనలో ఎవరం దేశాలు ఏలడం లేదు. బెంగళూరులో, చెన్నైలో, పూణేలో ఆఫీసుల్లో కూర్చొని లెక్కలు చూస్తున్నవాళ్ళం. మెక్‌నమారా మొదలుపెట్టిందీ అలాంటి బల్ల దగ్గరే. మన ముందున్న కాగితంలో ఒకరి జీతం ఎగవేసిన సంగతి, ఒక బస్తీని ఖాళీ చేయించే సంగతి, సంఘం డబ్బు దారి తప్పిన సంగతి ఉండవచ్చు. తెలిసినవాళ్ళం మనమే అయివుంటాం.

అప్పుడు ఎందుకు మాట్లాడలేదని ఒకనాడు మనల్నీ అడుగుతారు. అడిగేది సినిమావాళ్ళు కాకపోవచ్చు. 85 ఏళ్ళు వచ్చేదాకా ఆగకుండా, మాట్లాడితే ఎవరికైనా మేలు జరిగే రోజునే మాట్లాడుదాం.