ఆ పాటలోని ఆడపులి ఎవరు?
హాల్ అండ్ ఓట్స్ అనే గాయక జంట 1982లో విడుదల చేసిన ‘మ్యాన్‌ఈటర్’ పాట వినగానే, మగవాళ్లను వలలో వేసుకుని నమిలి మింగే వగలాడి కథే అనుకుంటాం. అమెరికాలో నాలుగు వారాలు నంబర్ వన్‌గా మోగిన పాట అది. రాసినవాళ్లలో ఒకరైన జాన్ ఓట్స్ మాత్రం అందులో ఉన్నది ఆడమనిషి కాదు, ఎనభైల నాటి న్యూయార్క్ అన్నారు. డబ్బు యావ, ఆ తళుకు, దగ్గరికొచ్చినవాణ్ని పీల్చి పిప్పి చేసే గుణం. అలా వింటే, పాటలోని సాక్సోఫోన్ రాత్రివేళ ఖాళీ వీధిలో ఎవరో వెంట నడుస్తున్నట్టు మోగుతుంది; నాకు ఒళ్లు జలదరిస్తుంది. అయినా ఒక బాధ పోదు. ఊరి దురాశకు ఒక మొహం కావాల్సి వచ్చినప్పుడు (మన సినిమా పాటల్లోనూ ఇంతే) ముందుగా ఆడదాని మొహమే ఎందుకు గుర్తొస్తుంది? ఆ ఊరి డబ్బుకు కేంద్రమైన వాల్ స్ట్రీట్‌లో అప్పట్లో చక్రం తిప్పినవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లే కదా!