పోర్టల్ మార్చే ముందు ఆపే స్విచ్ పెట్టండి: వినతిపత్రం

గోదావరిఖని

ఆన్‌లైన్ సేవల విభాగాధికారి గారికి,

గోదావరిఖని, యైటింక్లైన్ కాలనీ, ఎన్టీపీసీ ప్రాంతాల నెట్ సెంటర్ల నిర్వాహకులు, బొగ్గు బాయి కార్మికులు, పెన్షనర్లు సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: మీ పోర్టల్‌లో ఒక పేజీ నుంచి మరో పేజీకి తీసుకెళ్లే కోడ్‌ను ఫీచర్ ఫ్లాగ్‌లతో దశలవారీగా మార్చాలని కోరుట గురించి.

ఆర్యా,

పే స్లిప్పు, పీఎఫ్ లెక్క, క్వార్టర్ దరఖాస్తు, లైఫ్ సర్టిఫికెట్ అన్నీ ఆన్‌లైన్ అయ్యాక ఆఫీసుల చుట్టూ తిరుగుడు తగ్గింది. కొత్త మార్పులు వద్దని మేం అనడం లేదు. మార్చే తీరు గురించే మా మనవి.

ఫస్ట్ షిఫ్ట్ దిగిన కార్మికుడు సాయంత్రం సెంటర్‌కు వస్తాడు. మూడు పేజీల ఫారంలో రెండు నింపాక, ఖాతా నంబరు తప్పు పడిందని బ్యాక్ నొక్కితే మొదటి పేజీ ఖాళీగా వస్తుంది. ముందుకు పోదామంటే సెషన్ ముగిసిందంటుంది. మళ్లీ లాగిన్, మళ్లీ ఓటీపీ. ఆ ఓటీపీ వచ్చే ఫోనేమో హైదరాబాద్‌లో ఉన్న కొడుకు దగ్గర. నిన్నటిదాకా ఇదే బటన్ బాగానే పనిచేసింది. రాత్రికి రాత్రి అందరికీ ఒకేసారి కోడ్ మారిస్తే వచ్చే తిప్పలివి.

ఫీచర్ ఫ్లాగ్ ఉంటే పాత కోడ్, కొత్త కోడ్ రెండూ సర్వర్‌లోనే ఉంటాయి. ఎవరికి ఏది నడవాలో ఒక సెట్టింగ్ తేలుస్తుంది. తేడా కొడితే దాన్ని ఆఫ్ చేస్తే చాలు, పాత దారి తెరుచుకుంటుంది. బాయిలో మైనింగ్ సర్దార్ గాలి, పైకప్పు చూడనిదే బొగ్గు తవ్వే ఫేస్ మీదికి మనిషిని పంపరు. ఆ జాగ్రత్తే ఇక్కడా అడుగుతున్నాం.

బ్రౌజర్లు తయారుచేసేవాళ్లూ ఇలాగే చేస్తారు. కుకీల తీరు మార్చే ‘సేమ్‌సైట్’ నిబంధనను గూగుల్ 2020 ఫిబ్రవరిలో క్రోమ్‌లో కొద్దికొద్దిగా మొదలుపెట్టింది. కరోనా కాలంలో ప్రభుత్వ, బ్యాంకు సైట్లకు ఆటంకం కలగకూడదని ఏప్రిల్‌లో వెనక్కి తీసుకుని, జూలైలో మళ్లీ మొదలుపెట్టింది. అయితే ఫ్లాగ్ ఉన్నంత మాత్రాన సరిపోదు. 2019 నవంబరులో క్రోమ్‌లో ఒక ప్రయోగాన్ని ఆన్ చేయగానే ఎన్నో కంపెనీల్లో టర్మినల్ సర్వర్ల మీద పనిచేసేవాళ్లకు ట్యాబులు తెల్లగా మిగిలాయి. ఆఫ్ చేశాక సర్దుకుంది కానీ, ముందుగా తమకు ఒక్క మాటైనా చెప్పలేదని అక్కడి ఐటీ సిబ్బంది మండిపడ్డారు.

కావున మా డిమాండ్లు:

1. నావిగేషన్ మార్పు ఏదైనా ముందు మీ సిబ్బందికి, తర్వాత ఒక ఏరియాకు, ఆ తర్వాతే అందరికీ ఆన్ చేయాలి.

2. పాత దారిలో ఫారం మొదలుపెట్టినవారు పాత దారిలోనే ముగించాలి. సగంలో ఫ్లాగ్ మారకూడదు.

3. కొత్త కోడ్ దాచిన వివరాలు పాత కోడ్‌కూ చదవడానికి రావాలి. లేకుంటే ఫ్లాగ్ ఆఫ్ చేసిన రోజున నింపిన దరఖాస్తులు గల్లంతవుతాయి.

4. సెంటర్లలో ఒకే కంప్యూటర్ మీద పదిమంది కూర్చుంటారు. ఒకరు లాగౌట్ అయ్యాక వేరొకరు బ్యాక్ నొక్కితే ముందరి మనిషి పే స్లిప్పు కనబడకూడదు. ఫ్లాగ్ ఆన్‌లోనూ ఆఫ్‌లోనూ ఇది పరీక్షించాలి.

5. ఫ్లాగ్ ఆఫ్ చేసే అధికారం ఉన్న ఉద్యోగి సెకండ్ షిఫ్ట్ వేళ కూడా ఫోన్‌లో దొరకాలి. మార్పు తేదీ ముందే నోటీసు బోర్డు మీద పెట్టాలి.

6. జీతాల రోజుల్లో, లైఫ్ సర్టిఫికెట్ల గడువులో కొత్త ఫ్లాగ్ ఆన్ చేయరాదు.

7. పని ముగిసిన ఫ్లాగ్‌ను గడువు పెట్టి తీసేయాలి. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే సంస్థ పాత ఫ్లాగ్‌ను కొత్త పనికి వాడింది. ఒక సర్వర్‌లో మిగిలిన పాత కోడ్ దానితో నడిచి, 2012 ఆగస్టు 1న ముప్పావు గంటలో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి.

వీటిలో అయిదో డిమాండ్‌ను వెంటనే అమలు చేయవచ్చు. దానికి కొత్త కోడ్ అక్కర్లేదు, ఒక పేరు, ఒక ఫోన్ నంబరు చాలు. ముందుగా అది ప్రకటించి, మిగతావాటిపై చర్చకు మమ్మల్ని పిలవాలని మనవి.

ఇట్లు,
నెట్ సెంటర్ల నిర్వాహకులు, కార్మికులు, పెన్షనర్లు