ఒక్క మెట్లదారి ఎవరి లాభానికి?

అపార్ట్‌మెంటుకి రెండు మెట్లదారులెందుకు, ఒకటి చాలదా అన్న వాదన అమెరికా, కెనడాల్లో బలపడింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2024లో 6 అంతస్తుల వరకు ఒకటే చాలంది. ఖర్చు తగ్గుతుందట, ఇళ్లకి గాలీ వెలుతురూ పెరుగుతాయట. నిజమే. పగలంతా ఇంట్లో ఉండే ఆడవాళ్లకి అవి అక్కర్లేదని నేననను. కానీ ఆ వెసులుబాటు ఊరికే రాలేదు. అమెరికాలోని సియాటిల్‌లో అంతస్తుకి 4 ఇళ్లకి మించకూడదు, స్ప్రింక్లర్లు ఉండి తీరాలి. అదే మన దగ్గరికొస్తే బిల్డర్లు వెసులుబాటుని అందుకుని షరతుల్ని వదిలేస్తారని నా భయం.

2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చనిపోయారు. 24 అంతస్తులకీ ఒకటే మెట్లదారి, స్ప్రింక్లర్లు లేవు. 2025 మే 18న హైదరాబాదు గుల్జార్‌హౌజ్‌లో 17 మంది పోయారు, వారిలో 8 మంది పిల్లలు. అక్కడా ఇరుకైన మెట్లదారి ఒక్కటే.

చంటిపిల్లని చంకనేసుకుని, మంచం పట్టిన అత్తగారిని నడిపించుకుని ఆ పొగలో దిగాల్సింది ఎవరు? నిబంధనలు రాసేటప్పుడు ఆమెని అడిగిందెవరు? ముందు షరతులు, తర్వాతే సడలింపు. వాటిని తనిఖీ చేసే హక్కు ఆ ఇళ్లలో బతికే ఆడవాళ్లకి ఉండాలి.