సముద్రపు నాచు ప్యాకెట్ కీటోకు పనికొస్తదా? ముందు బొమ్మ కాదు, వెనుక అక్షరాలు చూడుండ్రి



మొన్న మా అన్న కొడుకును చూద్దామని హైదరాబాద్ అశోక్‌నగర్ పోయిన. పిల్లగాడు గ్రూప్స్‌కు చదువుతున్నడు. పొద్దంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలనే. కూసొని కూసొని ఒళ్లొచ్చిందని కీటో మొదలుపెట్టిండు. అన్నం బంద్! ఇంటి బియ్యం సంచి మోసుకపోయిన నేను గడపలనే నిలబడ్డ.

"కాకా, ఇది తిను" అని నారాయణగూడల కొన్న ప్యాకెట్ ఇచ్చిండు. నల్లగ, కాగితం లెక్క, ఉప్పుప్పగ ఉంది. సముద్రపు నాచు అట.

నాచు మనకు కొత్తది కాదు. పైరుకు కొట్టే ఇఫ్కో సాగరిక నాచు రసమే. ఎండకాలం చేసుకునే చైనా గ్రాస్ కూడా నాచు నుంచి వచ్చిందే.

మరి కీటోకు పనికొస్తదా? కీటో అంటే రోజుకు పిండిపదార్థం సుమారు 20 నుంచి 50 గ్రాములలోపే. ప్యాకెట్ వెనుక చదివిన. 100 గ్రాములకు 40 గ్రాములు అని ఉంది. గుండె గుభేల్‌మన్నది. కానీ ప్యాకెట్ బరువే 5 గ్రాములు. అంటే 2 గ్రాములే, అందులనే కొంత పీచు. ఇది పనికొస్తది.

పక్కన ఇంకో ప్యాకెట్ ఉంది, కరకరలాడే రకం. బొమ్మ మీద అదే నాచు. వెనుక చూస్తే మొదట రాసింది పిండి, తర్వాత చక్కెర. ఎక్కువున్న సరుకునే ముందు రాస్తరు. 36 గ్రాముల ప్యాకెట్‌ల సగం పిండిపదార్థమే, అంటే 18 గ్రాములు. 20 గ్రాముల లెక్క పెట్టుకున్నోనికి ఒక్క ప్యాకెట్‌తోనే రోజు ఖతం. వానికి అదే చూపించిన. నోరు మూసుకున్నడు.

నా అభిప్రాయం సూటిగ చెప్త. ఉత్త నాచు తప్పు కాదు, కానీ అవసరం కూడా కాదు. దాంట్ల కొవ్వు లేదు, కడుపు నిండదు. బీపీ ఉన్నోళ్లు ఉప్పు చూసుకోవాలె. నాచుల అయోడిన్ ఉంటది, థైరాయిడ్ ఉన్నోళ్లు డాక్టర్‌ను అడగాలె. ఆ ఐదు గ్రాముల పైసలకు అర కిలో పల్లీలు వస్తయి. గుప్పెడు పల్లీలు, నువ్వులు, పచ్చి కొబ్బరి ముక్క కొలిచి తింటే కీటోల ఇముడుతయి. అవి మనం పండించేటియే.

అసలు భయం వేరే. వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ పేరుతోటి కొబ్బరినూనె మన ఊళ్ల దాకా వచ్చింది. చూసినోళ్లంత మొదలుపెట్టిండ్రు. షుగర్ గోళీలు, ఇన్సులిన్ వాడేటోళ్లు మందు తగ్గించకుండ అన్నం ఒక్కసారే బంద్ చేస్తే షుగర్ పడిపోవచ్చు. ఒంటరిగ బావి కాడ కళ్లు తిరిగి పడితే ఎవరు చూస్తరు? మందు సంగతి డాక్టర్ తోటి మాట్లాడకుండ ఈ పని చెయ్యొద్దు.

బియ్యం సంచి వాపస్ తేలే. పక్క రూం పిల్లలు వండుకుంటరు.

మీ ఇంట్ల ఎవరన్న కీటో చేస్తున్నరా? ఏం తింటున్నరో కింద రాయుండ్రి.