రిసార్టోళ్లు వాడి పారేసిన ఏటీవీ మన తండాకెందుకు?

పోస్టు పొడుగుంటది, ఓపికగ చదవండి.

కొన్ని వారాలసంది మన గ్రూపుల ఒక రకం పోస్టులు ఎక్కువైనయి. "సెకండ్ హ్యాండ్ ఏటీవీ, గుడ్ కండిషన్, షామీర్‌పేట్ దగ్గర, అర్జెంట్ సేల్, స్టూడెంట్స్‌కి స్పెషల్ రేటు." దాని కింద ఇంకో లైను: "ఎయిర్‌గన్ కావాల్నంటే ఇన్‌బాక్స్‌కు రండి." స్కాలర్‌షిప్ లిస్టులు, హాస్టల్ సీట్లు, నోటిఫికేషన్ల కోసం పెట్టుకున్న గ్రూపు ఇది. సూరారంలో రూములు తీసుకొని చదువుకుంటున్న మేము కొంతమందిమి కూర్చొని దీని మీద మాట్లాడుకున్నం. ఈ అమ్మకాలు ఇక్కడ బంద్ కావాలన్నది మా మాట. కొందరికి కోపం వస్తది, రానీయండి.

ముందుగాల ఈ బండ్లు ఎక్కడివో చూద్దాం. మేడ్చల్, షామీర్‌పేట్ చుట్టూ, ఔటర్ రింగ్ రోడ్డు దాటినంక రిసార్టులు, ఫామ్‌హౌసులు, అడ్వెంచర్ పార్కులు ఉన్నయి. శనాదివారాలు సిటీ నుంచి జనం వస్తరు, రౌండుకు ఇంత అని కట్టి నాలుగు చక్రాల బండి మీద మట్టిల తిరుగుతరు, ఫోటోలు దిగిపోతరు. ఆ బండి రోజంతా రకరకాల చేతుల్లో నలుగుతది. గేరు తెల్వనోడు నడుపుతడు, బ్రేకు బదులు గోడకు గుద్దేటోడు నడుపుతడు. బాగు చేయించుడు దండగ అనిపించిన రోజు ఓనరు దాన్ని కాటాకు వేసే ముందు ఒక్కసారి చుట్టూ చూస్తడు. అప్పుడు కనపడేది అక్కడ హెల్పర్‌గ పనిచేసే మన పిల్లగాడే. "నువ్వే తీస్కపో తమ్మీ, జీతంల కట్ చేసుకుంట" అంటడు.

మా పక్క రూములో ఉండే తమ్మునికి సరిగ్గా ఇదే జరిగింది. నర్సాపూర్ దిక్కు తండా పిల్లగాడు. డిగ్రీ చదువుకుంట శనాదివారాలు ఒక రైడ్‌ల కాడ పనికి పోయేటోడు. ఊర్ల జాతరకు పిల్లలను రౌండ్లు తిప్పితే పైసలొస్తయని లెక్క వేసుకున్నడు. ఓనరు కాయితం ఏదీ ఇయ్యలె. "దీనికి ఆర్సీ అక్కర్లేదు" అన్నడు. బండి తీసుకొని మెయిన్ రోడ్డు ఎక్కిండు, దారిలనే పోలీసులు ఆపిన్రు. నంబరు లేదు, ఆర్సీ లేదు, ఇన్సూరెన్సు లేదు, కొన్న బిల్లు కూడ లేదు. బండి ఠాణాల ఉన్నది, జీతంల కటింగ్ మాత్రం నడుస్తనే ఉన్నది. "ఇది నీదేనని ఏం గ్యారంటీ" అని అడిగితే ఆ పిల్లగాని కాడ జవాబు లేకపాయె.

"ఆర్సీ అక్కర్లేదు" అన్న ముక్క సగం నిజం, అందుకే ప్రమాదం. కాంపౌండు లోపల, సొంత చెల్కలో తిప్పుకుంటే ఎవ్వడూ ఆర్సీ అడగడు. రోడ్డు ఎక్కితే 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 39 అడుగుతది. రిజిస్ట్రేషన్ లేకుండ నడిపితే సెక్షన్ 192 కింద మొదటిసారి ఐదు వేల దాక జుర్మానా, మళ్లీ దొరికితే ఏడాది దాక జైలు కూడ పడొచ్చు. మరి పోయి రిజిస్ట్రేషన్ చేయించుకుంటం అంటరా? కాదు. రోడ్డు కోసం టెస్టు పాసైన మోడల్‌నే ఆర్టీఏ తీసుకుంటది. ఇక్కడ రైడ్‌లకు వాడే 110, 125 సీసీ బండ్లు ఆఫ్‌రోడ్ పేరు మీద అమ్మినయి. పొలారిస్ కంపెనీ 2021లో స్పోర్ట్స్‌మన్ 570ని ట్రాక్టర్ కింద పాస్ చేయించి తెచ్చింది, అది రోడ్డు ఎక్కొచ్చు. కాని అప్పట్లనే దాని ధర ఎనిమిది లక్షల దగ్గర ఉండె. ఇన్‌బాక్స్‌ల అమ్మేది అది కాదని మీకూ ఎరుకే.

పోలీసుల భయం సంగతి అట్లుంచుదాం. అసలు ఈ బండి తయారైందే రోడ్డుకు కాదు. చిన్న ఏటీవీల్లో చానా వాటికి ఎనక ఇరుసు ఒక్కటే కడ్డీ, రెండు చక్రాలు ఒక్క తీరుగనే తిరుగుతయి. మట్టిల అయితే జారి మలుగుతది. తారు మీద లోపలి చక్రం జారదు, బండి ముందుకే తోస్తది, హ్యాండిల్ గట్టిగ తిప్పితే బోల్తా. టైర్లలో గాలి కూడ మెత్తగ, ఐదారు పీఎస్ఐ లోపటనే ఉంటది. బైకు లెక్క ముప్పై కొట్టిస్తే ఎగిరెగిరి పడతది. సీటు పొడుగున్నదని ఇద్దరు ముగ్గురు ఎక్కుతరు, అది ఒక్కనికి చేసిన సీటు. నడిపేటోడు ఒళ్లు అటూ ఇటూ వంచడానికే ఆ పొడుగు. జాతరల పిల్లలను ముందల కూసోపెట్టి తిప్పుతం అనేటోళ్లు ఒక్కసారి ఆలోచించాలె. బండి తిరగబడితే క్వింటాలు మించిన ఇనుము మీద పడతది. ఇన్సూరెన్సు లేదు కాబట్టి దవాఖాన ఖర్చు, నష్టపరిహారం అన్నీ మీ ఇంటి మీదనే. మైనర్ పిల్లగాడు రోడ్డు మీద నడుపుతూ పట్టుబడితే 199ఏ కింద తల్లిదండ్రికో బండి ఓనరుకో మూడేండ్ల దాక జైలు, ఇరవై ఐదు వేల జుర్మానా అని 2019 సవరణలో పెట్టిన్రు.

అయినా వినరు కొందరు. "మాకు రెండెకరాల తోట ఉంది, బయటికి తియ్యం, ఎరువు బస్తాలు మోస్తం" అంటరు. సరే, అట్లాంటోళ్లకు ఎట్ల చూసి కొనాల్నో చెప్తం. అమ్మేటోడు ఈ సంగతులు చెప్పడు.

పొద్దుగాల పోండి, ఇంజన్ చల్లగ ఉన్నప్పుడు. మీరు పోకముందే స్టార్ట్ చేసి పెట్టిండంటే, చల్లగ ఉన్నప్పుడు అది లేస్తలేదని అర్థం. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి. నల్లగుంటే ఆయిల్ మార్చలేదని, పాలు కలిపిన చాయ్ లెక్క ఉంటే లోపటికి నీళ్లు పోయినయని తెలుసుకోండి. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నది, పిస్టన్ రింగుల ఖర్చు రాబోతది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పమనండి. మన దిక్కు ఎర్రమట్టి దుమ్ము ఫిల్టర్ దాటి లోపటికి పోయిందంటే ఆ ఇంజన్ పనైపోయినట్టే. తర్వాత బండిని జాకీ మీద లేపి ఒక్కో చక్రం పట్టుకొని ఊపండి. లడలడ ఆడితే బేరింగో బాల్ జాయింటో పోయింది. ముందలి ఆర్ముల కాడ, ఫుట్‌రెస్టు కింద వెల్డింగు అతుకులు చూడండి. కొత్త రంగు ఒక్కకాడనే వేసి ఉంటే, ఇరిగినదాన్ని దాని కింద దాచిన్రు. ఆర్ములు వంగిన బండి నేరుగ పోదు, చేతులు వదిలి చూస్తే పక్కకు గుంజుతది. రిసార్టు బండ్లల్ల ఇది మస్తు కామన్.

కొన్నంక అయ్యే పని కూడ తక్కువేం కాదు. బురదల తిప్పిన ప్రతిసారి కడిగి, చైన్‌కు ఆయిల్ పెట్టి, ఫిల్టర్ దులపాలె. ఫోమ్ ఫిల్టర్ అయితే కిరసనాయిల్‌ల కడిగి ఆరబెట్టి కొంచెం ఆయిల్ పట్టించాలె. పిల్లల 49 సీసీ టూ స్ట్రోక్ బండ్లకు పెట్రోల్లో టూటీ ఆయిల్ కలపకపోతే పిస్టన్ పట్టేస్తది. స్పేర్ పార్టులే అసలు గోస. పేరు లేని చైనా బండికి కార్బొరేటర్ పోతే ఏ షోరూమూ ఇయ్యదు, జీడిమెట్ల లేతు షాపుల చుట్టూ తిరిగి ఏదో ఒకటి అతికించుకోవాలె.

బిల్లు లేని బండిని మాత్రం ఊరికే ఇస్తమన్నా తీసుకోవద్దు. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు రాసి అమ్మినోని సంతకం, ఆధార్ కాపీ తీసుకోండి. దొంగసొత్తు అని తేలితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 పెడతరు. తెలిసే కొన్నవ్ అంటరు, తెల్వదని చూపించడానికి ఆ కాయితమే దిక్కు.

ఇగ ఎయిర్‌గన్. మాకు అసలు కోపం ఇక్కడ.

చట్టం ఏమంటదో ముందుగాల చూడండి. 2016 ఆయుధ నియమాల ప్రకారం .177 బోరు, అంటే 4.5 మిల్లీమీటర్లు, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. షాపోడు మీ ఐడీ, అడ్రస్ ప్రూఫ్ తీసుకొని రిజిస్టర్‌ల రాసుకుంటడు. .22 బోరు అయితే లైసెన్సు కావాలె. ఇన్‌బాక్స్‌ల అమ్మేటోనికి రిజిస్టరూ లేదు, అది ఏ బోరో చెప్పే కాయితమూ లేదు. స్ప్రింగు మార్చి పవర్ పెంచినదైతే అది 20 జౌల్స్ దాటిందో లేదో మీకేం ఎరుక?

లైసెన్సు అక్కర్లేదు అంటే దేన్నైనా కొట్టొచ్చు అని కాదు. కౌజు, కుందేలు, నెమలి, ఆఖరికి చిలుక కూడ 1972 వన్యప్రాణి చట్టం కింద ఉన్నయి. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లకు వచ్చినంక మామూలు నేరానికే జుర్మానా లక్ష దాక పెరిగింది, జైలు మూడేండ్ల దాక. నెమలి అయితే మూడేండ్లకు తక్కువ లేదు. ఇంకో ముక్క ఉంది, చానామందికి తెల్వదు. సెక్షన్ 39 ప్రకారం వేటకు వాడి పట్టుబడిన ఆయుధం, బండి సర్కారు ఆస్తి అయితది. ఏటీవీకి ఎయిర్‌గన్ జోడించి అమ్మేటోడు ఒక్క కేసుల రెండూ పోయే సామాను అమ్ముతున్నడు.

"వేట మన సంప్రదాయం, మన హక్కు" అని ఒక అన్న కామెంట్ పెట్టిండు. అన్నా, మనం కొట్లాడి తెచ్చుకున్న 2006 అటవీ హక్కుల చట్టమే తియ్యి. సెక్షన్ 3(1)లో సంప్రదాయ హక్కులన్నీ ఒప్పుకుంట, వేటను మాత్రం పేరుపెట్టి తీసేసిన్రు. అది న్యాయమా కాదా అని వాదిద్దాం, మేమూ వస్తం. కాని తాతలు విల్లంబు పట్టి ఊరంతా కలిసి, కాలం చూసి పోయిన వేటకూ, ఫామ్‌హౌస్ సోపతిగాళ్లతోని అర్ధరాత్రి టార్చి కొట్టి పిట్టలను రాల్చుడుకూ సంబంధం ఏంది? అరుణాచల్‌ల గిరిజనులే 2021 మార్చిల, లుమ్‌డుంగ్ ఊర్ల, ఎయిర్‌గన్‌లు తెచ్చి అప్పజెప్పుడు మొదలుపెట్టిన్రు. మొదలే 46, తర్వాత రెండు వేలు దాటినయి. వాళ్లకు లేదా వేట సంప్రదాయం?

ఇంకోటి సూటిగ అడుగుతున్నం. పట్టుబడితే ఎవరికి ఏమైతది? సల్మాన్ ఖాన్ కృష్ణజింకల కేసు 1998ది. కింది కోర్టుల శిక్ష పడేసరికి 2018 ఏప్రిల్ వచ్చింది, రెండు రోజుల్ల బెయిలు దొరికింది. తండా పిల్లగానికి రెండు రోజుల్ల బెయిలు ఎవడు తెస్తడు? పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన 1871 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం స్వాతంత్ర్యం వచ్చిన ఐదేండ్లకు, 1952ల గాని పోలేదు. కాయితం మీద పోయింది, చూపులో పోలేదు. సూరారం పక్కనే దూలపల్లిల ఫారెస్టు అకాడమీ ఉంది. ఫారెస్టు ఉద్యోగం కోసం రన్నింగ్ ప్రాక్టీసు చేసే మన పిల్లల మీద ఒక్క వన్యప్రాణి కేసు పడితే ఆ ఉద్యోగం సంగతేంది?

తుపాకీ మీద నిజంగనే ఇష్టం ఉంటే దానికి తొవ్వ ఉంది. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌ల కాంస్యం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. మన హైదరాబాద్ మనిషే. గచ్చిబౌలి దిక్కు సెంట్రల్ యూనివర్సిటీ కాడ సర్కారు షూటింగ్ రేంజ్ ఉంది. ఎస్టీ పిల్లలకు అక్కడ కోచింగ్, కిట్లు ఇయ్యాలని వినతిపత్రం రాద్దాం, సంతకాలకు మేము తిరుగుతం. ఇప్పటికే ఇంట్ల ఎయిర్‌గన్ ఉన్నోళ్లు బిల్లు దగ్గర పెట్టుకోండి, గుండు ఎక్కించి పెట్టకండి, పిల్లలకు అందకుండ తాళం వేయండి. ఆ చిన్న గుండుకు కన్ను పోతది.

పైసలు కూడబెట్టినోళ్లకు ఒక మాట. ఏటీవీకి పెట్టే ఆ పైసలతోని పాత ట్రాలీ ఆటో చూసుకోండి. ఆర్సీ ఉంటది, ఫారం 29, 30 మీద మీ పేరుకు మారుతది, ఇన్సూరెన్సు అయితది, ఎక్కడ చెడిపోయినా పార్టు దొరుకుతది. జీడిమెట్ల, గండిమైసమ్మ దిక్కు లోడ్లకు కొదవ లేదు.

అడ్మిన్ అన్నలకు మా డిమాండ్ ఇది. ఎయిర్‌గన్ పోస్టులు నేటి నుంచి పూర్తిగ తీసేయాలె. బండి అమ్మే పోస్టు ఏదైనా బిల్లు ఫోటో, ఛాసిస్ నంబరు లేకుండ అప్రూవ్ చేయొద్దు. వచ్చే ఆదివారం దాక చూస్తం, అప్పటికీ ఆగకపోతే అమ్మేటోళ్ల పోస్టుల కింద ఇదే పోస్టు మళ్లీ మళ్లీ పెడుతనే ఉంటం.