చెక్క నీళ్లు తాగేదాకా ఆగాలి

మన రాజపాళయంలో ఎటు చూసినా కొండే గానీ సముద్రం కనిపించదు. పడవల సంగతి మనకెందుకని ఇంట్లో పెద్దవాళ్లు అడగొచ్చు. మన మిల్లుల నూలు ఓడెక్కే రేవు తూత్తుకుడి. మనం దోనె అనేదాన్ని అక్కడ తోణి అంటారు. ఒకప్పుడు ఈ చెక్క తోణులు తెరచాప గాలితోనే కొలంబో పోయి వచ్చేవి. తర్వాత ఇంజను కూడా పెట్టుకొని మాల్దీవులకు సరుకు మోస్తున్నాయి. నైరుతి గాలులు జోరుగా వీచే నెలల్లో మాత్రం ప్రయాణాలు మానేసి రేవులో ఉంటాయి.

ఆ నెలల్ని ఖాళీ నెలలు అనడమే తప్పని మేమంటాం.

ఉప్పునీటిలో ఉన్న చెక్కకు నాచు, గుల్లలు పడతాయి. పురుగు లోలోపల తొలిచేస్తుంది. ఒడ్డుకెక్కించి గీకాలి, పుచ్చిన పలక మార్చాలి. పలకల సందుల్లో పాత దూది లాగేసి, కొత్తది ఉలితో కొట్టి కూరాలి, పైన గుగ్గిలం కలిపిన నూనె పట్టించాలి. మన ఊళ్లో నూలయ్యే దూదే అక్కడ సముద్రాన్ని ఆపుతుంది! ఆ తర్వాత చుక్కాని బందులు, ఎండకు పెళుసైన తాళ్లు, తెరచాప కుట్లు, నీళ్లు తోడే పంపు చూసుకోవాలి.

ఇన్నీ అయ్యాక కూడా వెంటనే సరుకెక్కించకూడదు. ఎండలో ఉన్న పలక కుంచించుకుపోయి ఉంటుంది. నీళ్లలో దించగానే కొంత కారుతుంది. నీళ్లు తాగి ఉబ్బితే సందులు బిగుస్తాయి. అందాకా తోడుతూ, చూస్తూ ఆగాలి.

ఆ ఆగడానికే మనసొప్పదు. సరుకు రేవులో పడి ఉంటుంది, అప్పుకు వడ్డీ పెరుగుతుంది, కలాసీలకు బత్తెం ఇవ్వాలి. యజమాని బాధ అబద్ధం కాదు. కానీ ఆ నాలుగు రోజుల నష్టాన్ని లెక్కపెట్టగలం. నడిసముద్రంలో సందు విచ్చుకుంటే ఆ లెక్క ఎవరు కడతారు? అప్పుడు పడవలో ఉండేది కలాసీలే గదా.

ఎంత సిద్ధమైనా సముద్రం పరీక్ష పెట్టకుండా వదలదు. 2017 సెప్టెంబరులో ఆరుగురు నౌకాదళ మహిళలు తారిణి అనే తెరచాప పడవలో గోవా నుంచి భూమి చుట్టడానికి బయలుదేరారు. వాళ్లలో ఇద్దరు మన తెలుగమ్మాయిలు, విశాఖ స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య. ఏళ్లు శిక్షణ తీసుకొని వెళ్లినా, తిరుగుదారిలో చుక్కాని తిప్పే ఏర్పాటు చెడి మారిషస్‌లో ఆగాల్సొచ్చింది. బాగుచేయించుకొని 2018 మే 21న గోవా చేరారు. ఆగారని వాళ్ల గొప్ప తగ్గిందా?

మిల్లులోనూ అంతే. మెషిను ఆపి నూనె పెట్టిన పూటను నష్టం కింద రాస్తే, రేపు ఆ నూనె పెట్టేవాడే ఉండడు. తోణి ఆగే రోజులూ, దూది కూరే వడ్రంగి కూలీ మొదటినుంచే కిరాయిలో కలిసి ఉండాలి. అది దయ కాదు, ప్రయాణపు ఖర్చు.

ఈసారి తూత్తుకుడి పోయే మన పిల్లలు పెద్ద ఓడల్ని చూసి వచ్చేయకుండా, ఆ వడ్రంగి పక్కన కూడా కాసేపు నిలబడి రండి.